వెనక కాళ్లు

"కుడి కాలు, కుంకా! కుడి! నీ బతుక్కి కుడీ ఎడమా ఎప్పుడు తెలిసి చచ్చింది గనక!"

నల్లటి వెల్వెట్ గేదె తోలు లోపల జయపాల్ గొంతు పెంచకుండా తిడుతున్నాడు. వెనక నడుం వంచి, అతని బెల్టు రెండు చేతులా పట్టుకుని నతానియేలు కుడి కాలు ఎత్తాడు. బయట, గవర్నర్‌పేటలో ఆ మేడమీది హాల్లో, పాట రికార్డు మోగుతోంది. గేదె కులుకుతూ జడ్జి బల్ల చుట్టూ తిరిగి, తోక ఊపి, సాక్షి బోనెక్కింది.

నాటకం పేరు 'గేదె సాక్ష్యం'. గట్టు తగాదాలో ఇద్దరు రైతులు కోర్టుకెక్కితే, ఆ గట్టు మీద మేసిన గేదెనే సాక్షిగా పిలుస్తారు. గేదెకి మాట లేదు కనక నాట్యం చేసి చెబుతుంది. రాసి నడిపిస్తున్నది రామకోటేశ్వరరావు, పరిషత్తు నాటకాల్లో జుట్టు నెరిసిన మనిషి. అడుగులు కూరుస్తున్నది ఉషశ్రీ, పటమటలో కూచిపూడి నేర్పే టీచరు. ఆయనకి నవ్వు రావాలి. ఆవిడకి తాళం తప్పకూడదు. ఆయన ఎడ్డెమంటే ఆవిడ తెడ్డెమంటుంది. వాళ్లిద్దరి మధ్యా ఆ గేదెకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ తోక దగ్గరే నతానియేలు ఉద్యోగం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కింద వీధిలోని హోల్‌సేలు కాగితాల షాపులో వంగి కట్టలు కట్టడం, ఆ తర్వాత మేడెక్కి మళ్లీ వంగడం. నిటారుగా నిలబడితే నడుం నొప్పి పుట్టే వయసుకొచ్చాడు. పామర్రు దగ్గర వాళ్ల ఊళ్లో, కుర్రతనంలో, క్రిస్మస్ నాటకానికి జ్ఞానుల ఒంటె కావలసివస్తే పాస్టరుగారు పొడుగని జయపాల్‌ని ముందుపెట్టి, పొట్టి అని ఇతన్ని వెనక పెట్టారు. ఆ వరస ఆనాటితో స్థిరపడిపోయింది. ఒంటె పోయి గాడిద వచ్చింది, గాడిద పోయి ఏనుగు వచ్చింది. జంతువు ఏదైనా జయపాల్ దాని నోట్లోంచి లోకాన్ని చూశాడు, నతానియేలు జయపాల్ ప్యాంటుని చూశాడు.

ఒకసారి పేపర్లో ఏనుగు ఫొటో పడింది. భార్య శౌరమ్మ దాన్ని ఇరుగుపొరుగుకి చూపించి, "ఆ తోక కింద ఉన్నది మా ఆయనే" అని చెప్పుకుంది. వాళ్లు నవ్వారు. ఆమె మాత్రం నవ్వించడానికి చెప్పలేదు. ఏ పరిషత్తులో చప్పట్లు మోగినా, తల తీసి జనానికి దండం పెట్టేది జయపాల్. నతానియేలు తోలులోంచి బయటపడేసరికి తెర పడేది. తనకంటూ ఉన్నది ఈ గేదె ఒక్కటే, అందులోనూ చెడ్డ సగం. అయినా ఆ సగం పోతే తను కట్టలు కట్టేవాడు తప్ప మరేమీ కాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

తోలు బయట ఇద్దరికీ మాటల్లేవు. ఒకడు టీ తాగే కొట్టుకి రెండోవాడు వెళ్లడు. జయపాల్ భార్య పోయినప్పుడు నతానియేలు సమాధుల దొడ్డికి వెళ్లాడు గానీ, అందరికంటే వెనక నిలబడి, పలకరించకుండానే తిరిగొచ్చాడు. తోలు లోపల మాత్రం జయపాల్ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. అడుగడుక్కీ తిట్టే. అన్నేళ్లు పడ్డవాడు పోయిన వారం ఇక పడలేక, ఉషశ్రీ ఒంటరిగా కనబడితే చేతులు కట్టుకుని చెప్పేశాడు.

"లోపల బూతులేనండీ మేడం. ఆడపిల్లలు తిరిగే హాలండీ. వింటే బావుంటదా?"

ఆవిడకి అసలే ఆ ముసలి గేదె మీద మంట. ఇవాళ బోనెక్కిన గేదె పక్కనే చెవి పెట్టి నిలబడింది. విన్నది.

"ఆపండి పాట!"

జయపాల్ తల తీశాడు. ముఖం చెమటతో మెరుస్తోంది.

"ఇక మీరు రానక్కర్లేదండీ. ముందు మా సాయిగణేష్ చేస్తాడు. ఇక్కడ ఆడపిల్లలున్నారు."

రామకోటేశ్వరరావు నోరు తెరిచి, స్టేజీ ఖర్చంతా ఆవిడదేనని గుర్తొచ్చి, మూసుకున్నాడు. జయపాల్ చొక్కా తొడుక్కుని, ఎర్రగళ్ల తువ్వాలు భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి నతానియేలు వంక చూశాడు. తోలు బయట అతను మాట్లాడటం ఎన్నేళ్లకో.

"కాళ్లకి తల మొలిచిందన్నమాట!"

మెట్లు దిగి వెళ్లిపోయాడు. నతానియేలుకి లోపల ఏ మూలా జాలి కలగలేదు. పీడ వదిలిందనుకున్నాడు. మనిషన్నాక ఆ మాత్రం సంతోషం ఉండదా?

సాయిగణేష్ సాఫ్ట్‌వేరు ఉద్యోగి, చిన్నప్పట్నుంచి కూచిపూడి నేర్చినవాడు. తల తగిలించుకున్నాడు, సెంటు వాసన వచ్చింది. పాట మొదలైంది. ముందు కాళ్లు చక్కగా కదిలాయి. వెనక కాళ్లు కదలలేదు.

మళ్లీ మొదలెట్టారు. ఈసారి కదిలాయి గానీ ముందుకాళ్లు కుడికి పోతే ఇవి ఎడమకి పోయాయి. మూడోసారి గేదె నడిమికి సాగి, కుట్టు పర్రున చినిగింది. తోలు లోపల ఎంత నిశ్శబ్దమో నతానియేలుకి అప్పుడు తెలిసింది. పాట అతనికి ఏనాడూ వినబడలేదు. ఇన్నేళ్లూ అతను ఆడింది తిట్లకి. కుంకా అంటే కుడి లేచేది, దరిద్రుడా అంటే దిగేది, నీ మొహం మండా అంటే గిరుక్కున తిరిగేవాడు. తను పితూరీ చెప్పి తీయించేసింది తన తాళాన్నే.

"బాబూ, కాస్త తిట్టండి" అన్నాడు ఆ కుర్రవాడి వీపుతో.

"ఏంటంకుల్?"

"అడుగడుక్కీ ఓ తిట్టు తిట్టండి. ఏదైనా పర్లేదు."

"ఛ, పెద్దవారు, అలా ఎలా తిడతానంకుల్?" సాయిగణేష్ కాసేపు ఇబ్బందిపడి, చివరికి తెగించాడు. "ఎడమ కాలు... ఇడియట్ గారూ!"

హాలంతా గొల్లుమంది. ఇన్నేళ్లకి మొదటిసారి జనం గేదెని చూసి కాక నతానియేలుని చూసి నవ్వారు. ఉషశ్రీ మాత్రం నవ్వలేదు.

"వెనక కూడా మా వాళ్లనే పెడదాం సార్."

"నాలుగు కాళ్లూ మీవైతే నా నాటకంలో నవ్వేదండీ?" రామకోటేశ్వరరావు ఇటు తిరిగి అరిచాడు. "ఏమయ్యా, పోయి వాణ్ణి పట్టుకురా! పితూరీ చెప్పినవాడివి నువ్వే బతిమాలుకో. వాడొస్తే ఇద్దరూ ఉంటారు, రాకపోతే ఇద్దరూ పోతారు. తిట్లు బయటికి వినబడకుండా చూసుకోండి."

జయపాల్ ఇంకా ఊళ్లోనే ఉంటూ బస్సులో వచ్చిపోతాడు. నతానియేలు చెమట చొక్కాతోనే బస్టాండుకి ఆటో ఎక్కాడు. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. క్షమాపణ నోటికి రాలేదు. "రారా, వచ్చి తిట్టు" అంటే సరిపోతుందనుకున్నాడు.

బస్టాండులో బందరు బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పామర్రు వెళ్లాలంటే జయపాల్ ఎక్కేది అదే. సీట్లన్నీ నిండాయి, ఒక్క కిటికీ పక్క సీటు తప్ప. అందులో ఎర్రగళ్ల తువ్వాలు పరిచి ఉంది. జయపాల్ కిటికీలోంచి వేసి సీటు పట్టుకుని, ఎక్కడికో వెళ్లి ఉంటాడు. నతానియేలు ఆ సీటు పక్కన కాపలాగా నిలబడ్డాడు.

"ఎవరండీ ఇక్కడ?" అన్నాడు సంచులతో ఎక్కిన లావాటి మనిషి.

"మనిషున్నాడండీ."

"ఏడీ?"

"వస్తాడు."

ఇంకో ఇద్దరు అడిగారు. ఇంజను మోగింది. లావాటాయన ఇక ఆగలేక తువ్వాలు మీద చెయ్యి వేశాడు.

"తియ్యరా చెయ్యి, కుంకా! కళ్లు దొబ్బాయా? తువ్వాలుంది కనబట్టం లేదా, నీ మొహం మండా!"

లావాటాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ గొంతు తనదేనా అని నతానియేలే అదిరిపడ్డాడు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, తువ్వాలుని చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది ఆ పొడుగాటి పెద్దాయనదాండీ? టికెట్ కూడా తీసుకున్నాడు. మంచినీళ్లు కొనుక్కొస్తానని దిగి, అదుగో, ఆ కొట్టు ముందు కూలబడిపోయాడు. నూట ఎనిమిది వాళ్లొచ్చి చూశారు. అప్పటికే పోయాడన్నారండీ. ఇందాకే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు." ఒక్క క్షణం ఆగి అడిగాడు. "మీకేమవుతాడు?"

నతానియేలు తెలిసిన వరసలన్నీ వెతుక్కున్నాడు. అన్న కాదు, బావ కాదు. స్నేహితుడని అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"నా ముందు కాళ్లండీ" అన్నాడు.

కండక్టరుకి అర్థం కాలేదు. అయినా మారు ప్రశ్న వేయకుండా అతని జబ్బ పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. రైట్ రైట్ అని అరుపు వినబడింది. ప్లాట్‌ఫారం మీద నతానియేలు ఎడమ కాలు కదపాలో కుడి కాలు కదపాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

బస్సు అతని ముందునుంచి కదిలింది. లోపల జనం ఒకరినొకరు ఒత్తుకుంటూ నిలబడే ఉన్నారు. సంచుల మనిషీ నిలబడే ఉన్నాడు. కిటికీ పక్క సీటులో, కాళ్లు చాపుకున్నంత విశాలంగా, ఎర్రగళ్ల తువ్వాలు పరుచుకుని ఉంది.