పింగాణీ గండం

“కాస్త చూసి పట్టుకోవచ్చుగా!”

పళ్లెం గోడకేసి కొట్టింది ఆయన. కొట్టిన మరుక్షణం, పక్కగదిలో ఉన్న వాళ్లమ్మకి వినబడేలా అన్న మాట ఇది. కూర చల్లారిందన్న కోపం గోడ మీద, నింద నా మీద. నేను చీపురు తెచ్చుకుంటాను. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, “మళ్లీనా? నీ చేతిలో ఏదీ నిలవదు కదమ్మా!” అని నిట్టూర్చి వెళ్లిపోతారు. నాకు ఆవిడ పెట్టిన పేరు పింగాణీ గండం. అది చుట్టాలందరికీ పాకింది. ఎవరింటికి వెళ్లినా నాకొక్కదానికి ప్లాస్టిక్ గ్లాసులో కాఫీ ఇచ్చి నవ్వుతారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వుతారు.

నేను కాదని మొదట్లో చెప్పి చూశాను. “అయితే వాడా? వాడు చీమకైనా హాని చెయ్యడు” అన్నారు అత్తగారు. ఇక నోరు మూసుకున్నాను గానీ, ఊడ్చిన పెంకులు మాత్రం పారేయలేదు. చిన్న చెక్కల మీద పెంకులూ గుండీలూ గాజుముక్కలూ అతికించి బొమ్మలు చేయడం నేర్చుకున్నాను. “మా ఆవిడ చెత్త ఏరుకుంటుంది” అనేవారు ఆయన. వాళ్ల ఆఫీసరు భార్య ఒక బొమ్మ చూసి మెచ్చుకునేసరికి ఆ చెత్త కాస్తా కళ అయిపోయింది.

“ఆదివారం వాళ్లు భోజనానికొస్తున్నారు. ముందుగదికి పూలకుండీ బొమ్మ ఒకటి చెయ్యి. ఐడియా నాదని చెప్తాలే.”

“అలాగేనండి” అన్నాను. అంత వినయంగా నేనెప్పుడూ అనలేదు.

ఈసారి బోర్లా పద్ధతిలో చేశాను. కాగితం మీద బొమ్మ గీసి, పెంకుల ముఖాలు కిందికి పెట్టి మైదా జిగురుతో అతికించాలి. తర్వాత ఆ కాగితాన్ని తడి సిమెంటు మీద తిరగేయాలి. ఆరాక కాగితం తడిపి ఒలిస్తేనే అసలు బొమ్మ బయటపడుతుంది, అదీ తారుమారుగా. కుడి కావాలంటే ఎడమ గీసుకోవాలి. అటూ ఇటూ తిరిగే ఆయనకు కనిపించినవి పెంకుల తెల్లటి వీపులే. నాకు మాత్రం ఏ ముక్క ఏనాటిదో తెలుసు. ఉప్పు తగ్గిన పూట పళ్లెం. మా అమ్మతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడిన నాటి కప్పు. నాకు ఉద్యోగం వచ్చిందన్న రోజు నీలం గిన్నె. నేనే పగలగొట్టాననుకుని అత్తగారు ఏడ్చిన ఆవిడ పెళ్లినాటి చేతి అద్దం. అతికిస్తుంటే ఆయన మీద జాలి కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు, హాయిగా ఉంది.

ఆదివారం అతిథుల ముందు కాగితం ఆయనే ఒలిచారు. తడి గుడ్డతో నేను తుడిచాను. వేళ్లు చాపిన పెద్ద కుడిచెయ్యి. చిటికెనవేలు లోపలికి వంకర.

“పూలకుండీ అన్నారు కదండీ? ఇదెవరి చెయ్యి?” అంది ఆఫీసరు భార్య.

“ఇంకెవరిదండీ, మా ఆవిడదే. పింగాణీ గండం కదా!” అని ఆయన నవ్వారు.

నేను నా చెయ్యి తీసుకెళ్లి దాని పక్కన ఆనించాను. అందులో సగం కూడా లేదు. నా చిటికెనవేలు తిన్నగా ఉంది.

ఆయన నవ్వు ఆగింది. కుడిచెయ్యి మెల్లగా జేబులోకి వెళ్లింది.

అత్తగారు లేచి దగ్గరికొచ్చారు. అరచేతి మధ్యలో మెరుస్తున్న అద్దం ముక్కను వేలితో తడిమారు. తర్వాత కొడుకు వైపు తిరిగారు.

“జేబులోంచి చెయ్యి తియ్యరా.”