నాలుగో కాగితంలో ఆఖరి లైను

రెండు చొక్కాలు, రెండు ప్యాంట్లు, మూడు బనియన్లు, తువ్వాల, బీపీ మాత్రలు, బస్సులో కడుపు తిప్పితే వేసుకునే గోళీ. రూప అన్నీ సర్ది, పైన చిన్న అరలో పెన్‌డ్రైవ్ పెట్టింది. దాని పక్కనే రూళ్ల నోట్‌బుక్కులోంచి చింపిన నాలుగు కాగితాలు. సూర్యాపేట కాలేజీలో ముప్పై కంప్యూటర్లు బాగుచేయడానికి ఒక్కో అడుగు ఒక్కో లైనుగా ఆమె రాసినవి. పని మూడు రోజులు. పని రూపది, ప్రయాణం ఆమె భర్త వీరేందర్‌ది.

"జిప్ గూడ పెట్టెయ్, బస్సు టైమైతుంది," అన్నాడు వీరేందర్ అద్దం ముందు మీసం దువ్వుకుంటూ.

"అది మీరే పెట్టుకోవాలె."

ఈ ఒక్కటి మాత్రం రూప చేయదు. కోదాడలో తండ్రి ఉప్పలయ్య లారీ నడిపేవాడు. ఒకనాడు ఆయన తొందరపెడితే అమ్మ వీరమ్మే ఆయన సంచి జిప్పు లాగింది. బియ్యం లోడుతో పోయిన మనిషి మళ్లీ రాలేదు. ప్రమాదమని కొందరు, ఎక్కడో ఇంకో సంసారముందని కొందరు. అప్పటినుంచి వీరమ్మ ఎవరి సంచీ మూయలేదు, పోయేవాళ్లే మూసుకోవాలనేది. రూపకు ఇందులో నమ్మకమేం లేదు. కానీ ఎవరి సంచి సర్దినా జిప్పు దగ్గరికి చెయ్యి పోదు. పద్దెనిమిదేళ్లుగా తిట్టే మనిషి సంచి అయినా సరే.

మిర్యాలగూడ స్టేషన్ రోడ్డులో వాళ్ల ఇంటి ముందుగదే దుకాణం. బోర్డు మీద 'వీరేందర్ కంప్యూటర్స్' అని ఉంటుంది. మిల్లుల గుమాస్తాలు, అప్లికేషన్లు పెట్టుకునే పిల్లలు వస్తుంటారు. లోపల ఆరు పాత కంప్యూటర్లు. వాటి ముందు వీరేందర్ ఎన్నడూ కూర్చోలేదనడం అన్యాయం, పేకాట ఆడటానికి కూర్చున్నాడు. కొత్త విండోస్ ఆ ముసలి యంత్రాల మీద ఎక్కనంటే, దాని బదులు ఉచితంగా దొరికే లైనక్స్ రూపే ఎక్కించింది. ఖర్చయితే లేదు గాని, తెర మీద ఒక విండోను పక్కకు జరిపితే అది బురదలో దిగబడ్డ బండిలా ఆగి ఆగి కదిలేది. మీ కంప్యూటర్లకు జ్వరమొచ్చిందా మేడం అని గుమాస్తాలు నవ్వేవారు. తెర మీద విండోలను గీసి, జరిపి, ఒకదాని మీద ఒకటి పేర్చే ప్రోగ్రామును విండో మేనేజర్ అంటారనీ, నత్తనడక అక్కడే మొదలవుతోందనీ రూప చదివి చదివి తెలుసుకుంది. ఏ దేశంలోనో ఎవరో దానికొక సవరణ రాసిపెట్టారు. అసలు ప్రతిలోకి దాన్ని ఇంకా తీసుకోలేదు. కావలసినవాళ్లు ప్రోగ్రాము రాసిన మూలపాఠం దింపుకొని, సవరణ చేర్చి, ప్రోగ్రామును తామే మళ్లీ తయారుచేసుకోవాలి. పదో తరగతితో చదువు ఆగిన మనిషి డిక్షనరీ పక్కన పెట్టుకొని తొమ్మిది వారాలు దాని వెంట పడింది.

ఆ పాత యంత్రం మీద ఒక్కసారి తయారీకి రెండున్నర గంటలు. గిరాకీ లేని మధ్యాహ్నంపూట మొదలుపెట్టేది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పోతూనే ఉంటాయి, చూసేవాళ్లకు అదొక పనిలా కనిపించదు. అత్త పద్మమ్మకు అసలే కనిపించలేదు. ఊకె ఉరికే దానికి కరెంటెందుకు, పిండి రుబ్బాలె గద అని ప్లగ్గు పీకి గ్రైండర్ పెట్టింది. ఇంకో పదిహేను నిమిషాల్లో అయ్యే పని మళ్లీ మొదటికొచ్చింది. అట్లా మూడుసార్లు. నాలుగోసారి రూప తెల్లవారకముందే లేచి రెండు రోజుల పిండి రుబ్బేసి, గ్రైండర్ వైరు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాతా తప్పులు వచ్చాయి, మళ్లీ మళ్లీ చేసింది. ఏడోసారి విండో నీళ్ల మీద ఆకులా జరిగింది. రూప దాన్ని అటూ ఇటూ కాసేపు ఊరికే జరుపుతూ కూర్చుంది. పిలిచి చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరని కాదు, చూసేవాళ్లు లేరు.

కొత్తవి కొన్నరా అని ఒక గుమాస్తా అడిగితే, "నేనే జర సెట్ చేసిన," అన్నాడు వీరేందర్. ఆ మాట సూర్యాపేట దాకా పోయింది. అక్కడో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ముప్పై పాతవి మూలన పడేయబోతున్నారు, ఫిబ్రవరి ఆఖరి వారంలో ప్రాక్టికల్స్. వీరేందర్ ఒప్పుకొని వచ్చాడు. నేనే పోతానంది రూప. ఆడమనిషి పోయి మూడు దినాలు గాడ ఉంటే ఏం మర్యాద అన్నాడు ఆయన. అమ్మకు వేళకు అన్నమెవరు పెడతరు, దుకాణమెవరు చూస్తరు అనీ అన్నాడు. దుకాణం నడిపేది ఎవరో ఆ మాటలో ఆయనే ఒప్పుకున్నాడని ఆయనకు తట్టలేదు.

ఆయన వెళ్లిన శుక్రవారం ఒక్కరోజే పదిహేడు ఫోన్లు. ఒక చెవిన ఫోను ఇరికించుకొని, చేతినిండా పిండితో రూప ఒక్కొక్క అక్షరం చెప్పేది. ఆ వైపు ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేట్టు, "ఆ, గదే, నేను మొన్న నీకు చెప్పిందే. మల్లొకసారి చదువు, కరెక్టుగ రాసుకున్నవో లేదో సూస్త," అనేవాడు. అట్లా చెప్పించుకునే పని ముగించి ఆదివారం వచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే రూప అడిగింది: "నాలుగో కాగితంల ఆఖరి లైను కొట్టిన్రా?"

"ఏది, అప్డేట్ ఆపుడా? ఆపితే కాలేజోళ్లు ఏమనుకుంటరు? కొత్తది వస్తే మంచిదే గద. అన్నీ నీకే తెలుసా?"

ఆ లైను, ఈ ఒక్క ప్రోగ్రామును ముట్టవద్దని కంప్యూటరుకు చెప్పడం. అది చెప్పకపోతే, కొత్త అసలు ప్రతి వచ్చిన రోజున అది చేత్తో చేసుకున్నదాన్ని తుడిచేసి దాని చోట కూర్చుంటుంది. చేసిన మనిషి ఉన్న గుర్తు కూడా ఉండదు.

మంగళవారం దుకాణం ఫోన్ మోగింది. "రూప గారితోని మాట్లాడాలె," అంది ఒక ఆడగొంతు. పద్దెనిమిదేళ్లలో ఆ నంబరుకు ఆ పేరడిగిన మొదటి మనిషి. కాలేజీలో ల్యాబ్ చూసే శోభ అట. రాత్రి ముప్పై సిస్టంలూ అప్డేట్ అయి మళ్లీ నత్తలయ్యాయట. సార్‌కు ఫోన్ చేస్తే రీస్టార్ట్ కొట్టమంటున్నాడట.

"నా పేరెట్ల తెలిసింది మేడం?"

"సార్ కాపీ చేసిన ఫైలు ఇప్పి సూసిన. మార్పులు చేసినోళ్లు అన్న దగ్గర మీ పేరుంది. ఏడు సార్లున్నది, తారీఖులతోని."

రూపకు అప్పుడు గుర్తొచ్చింది. సవరణ చేర్చిన ప్రతిసారీ, ఎవరు చేశారో రాయమని కంప్యూటరు అడిగింది. ఏడుసార్లూ ఆమె రాసింది. అంతే.

"మీరే రావాలె అక్కా," అంది శోభ. "సార్ వద్దు. మీరు ఫోన్ల చెప్తుంటే మేమందరం ఇన్నం, ఆ ఫోను గొంతు గదంత ఇనపడ్డది." నవ్వి, గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. ల్యాబులో ఒక ఉద్యోగం ఖాళీ ఉందట, రూప గురించి కరస్పాండెంటుకు చెప్పిందట. తన కిరాయి ఇంట్లో ఒక గది కూడా ఉందట.

సంగతి విన్న వీరేందర్‌కు కాలేజీ కన్నా ముందు పేరే గుచ్చుకుంది. "నా పేరెందుకు పెట్టలే?"

"చేసినోళ్ల పేరు అడిగింది. పెట్టిన."

ఆడిదానికి పేర్లెందుకు, రేపు పిండెవరు రుబ్బాలె అని లోపలినుంచి పద్మమ్మ. బ్యాగు సర్దు, నేనే పోయి ఒక్క గంటల సరిచేసొస్త అని వీరేందర్. రూపకు కోపం కూడా రాలేదు, విసుగొచ్చింది. ఇంతకుముందు రెండుసార్లు సంచి సర్దుకొని ఆమె కోదాడ పోయింది. రెండుసార్లూ పెద్దమనుషులు వచ్చి, టీ తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి తీసుకొచ్చి దింపారు. దించిన వారానికి అంతా పాత పద్ధతిలోనే నడిచేది.

బుధవారం పొద్దున ఆయన చెప్పినట్టే బ్యాగు తీసింది. బనియన్లు తీసి మంచం మీద పెట్టింది. నాలుగు చీరలు, డిక్షనరీ, పెన్‌డ్రైవ్ పెట్టింది. జిప్పు తనే లాగింది. గ్రైండర్ వైరు తీసి అత్త చేతికిచ్చింది.

సాయంత్రానికి సూర్యాపేట కాలేజీలో ముప్పై కంప్యూటర్లూ అయ్యాయి. ఆఖరి లైను ముప్పైసార్లు తనే కొట్టింది.

"ఈ ఆపుడు మల్ల ఎవరన్న తీయొచ్చా అక్కా?" అని అడిగింది శోభ.

"పెట్టినోళ్లు తీయొచ్చు. దానంతట అది పోదు."

ఫోన్ మోగింది. ఏడింటి బస్సుకు వస్తున్నవా అన్నాడు వీరేందర్. పిండి ఫ్రిజ్‌ల ఉంది, మీ మాత్రలు టీవీ మీద ఉన్నయి అంది రూప.

2024 ఫిబ్రవరి 21, బుధవారం, పొద్దున ఏడు గంటల యాభై నిమిషాల సూర్యాపేట బస్సెక్కిన రూప మిర్యాలగూడ ఇంటికి మళ్లీ రాలేదు.