ముహూర్తం వేళకు వచ్చే కాగితం

నేను ఒక తాళంచెవిని. పొడవు మూడడుగులు, బరువు గుప్పెడు అటుకులంత. పైన బంగారు రంగు కాగితం, లోపలంతా థర్మోకోల్. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నేను తెరిచిన తాళం ఒక్కటి కూడా లేదు. అయినా భీమవరం చుట్టుపక్కల కనీసం ఐదారు వందల ఇళ్ళలో, టీవీ పక్కన, ఫ్రేము కట్టి మరీ నన్ను పెట్టుకున్నారు. అసలు తాళంచెవి మాత్రం ఎప్పుడు చూసినా ఎక్కడ పెట్టారో తెలియక ఇల్లంతా వెతుక్కుంటారట.

నన్ను పుట్టించినవాడు పెళ్ళి మండపాలకు అక్షరాలు కోసే దాసు. ఒకే పలకలోంచి ముగ్గురం పుట్టాం. ముందు ఎవరో పెళ్ళికొడుకు పేరు, తర్వాత నేను, నా వెనకాల ఒక పసివాడి మొదటి పుట్టినరోజుకు పేద్ద ఒకటి అంకె. వాళ్ళిద్దరూ ఒక్క పూట వెలిగి మర్నాటికి చెత్తకుప్పలో చేరారు. నేను కార్ల షోరూములో చేరాను. నలుగురిలో చెప్పుకోదగ్గ ఉద్యోగం.

పని తేలిక. కొత్త కారు కొన్న కుటుంబం పట్టుబట్టలు కట్టుకుని వస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, సేల్స్ మేనేజరు చక్రధర్ నన్ను తెచ్చి యజమాని చేతిలో పెడతాడు, అందరూ పళ్ళు కనిపించేలా నవ్వుతారు, ఫొటో. నిమిషమున్నరలో మళ్ళీ నా మేకుకు నేను. ఒకసారి ఒక పెద్దాయన నన్ను చంకలో పెట్టుకుని వెళ్ళిపోబోయాడు. "అది మాదండి" అని చక్రధర్ లాక్కుంటే, "ఇన్నిటికి డబ్బు తీసుకున్నావు, దీనికి తీసుకోలేదా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం.

ఆయన ఆశ్చర్యంలో న్యాయముంది. మా షోరూములో మొదటి రోజు ఇచ్చే కాగితం సన్నగా, ముద్దుగా ఉంటుంది. "అంతా కలిపి ఇంతేనండి" అంటాడు చక్రధర్, అమ్మతోడు వేసినంత గట్టిగా. డెలివరీ రోజున రెండో కాగితం వస్తుంది. హ్యాండ్లింగ్ చార్జీలని ఒకటి. గోడౌను నుంచి ఇక్కడిదాకా కారును తెచ్చినందుకట. చక్రాలున్న వస్తువును ఎవరు చంకనెత్తుకుని తెచ్చారో నాకు ఈనాటికీ తెలియదు. ఎసెన్షియల్ కిట్ అని ఇంకొకటి. కాళ్ళ కింద పట్టాలు, ఒక సెంటు సీసా, ఒక గొడుగు. ఆ పైన కారు రంగు పోకుండా ఒక పూత. బజార్లో చింతపండు కొన్నా కొసరు వేస్తారు కదా, ఇక్కడ కొసరు అమ్మేవాడే తీసుకుంటాడు.

మరి జనం ఊరుకుంటారా అని మీరడగవచ్చు. ఊరుకోరు. కానీ ఆ కాగితం ఎప్పుడొస్తుందనుకున్నారు? సరిగ్గా ముహూర్తానికి పావుగంట ముందు. పిల్లలు కారు చుట్టూ గంతులేస్తుంటారు, హారతి పళ్ళెం సిద్ధంగా ఉంటుంది. అప్పుడు పంతులుగారు గంట పట్టుకుని "అయ్యా, ఘడియ దాటిపోతోంది!" అని కేక వేస్తాడు. ఇంకేముంది, పెద్దవాళ్ళు కంగారుపడతారు, సంతకం పడుతుంది. బేరం ఆడితే లగ్నం పోతుంది, లగ్నానికి ఒప్పుకుంటే డబ్బు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ పంతులుగారు ఖండవల్లి సోమయాజులు. కారుకు ఐదువందల పదహార్లు షోరూమే ఇచ్చేది. మంచి మనిషి, మంత్రం తప్పు పలకడు. ఒక్క పొరపాటు చేశాడు. ఆయన చేరిన కొత్తలో చక్రధర్ చేతులు నలుపుకుంటూ అడిగాడు. "గురువుగారూ, రోజుకు రెండు మూడు ముహూర్తాలు చెబితే జనం తలో వేళకీ వస్తారండి. మాకు ఇబ్బంది. ఒక్కటే చెప్పండి." ఉన్నది దాచడమే కదా, లేనిది చెప్పడం కాదు కదా అనుకుని ఆయన ఒప్పుకున్నాడు. నాలుగేళ్ళుగా ఒక్కటే చెబుతూ, ఒక్కదానికే గంట కొడుతూ వచ్చాడు.

అలాంటి సోమయాజులు గారు తానే కారు కొన్నాడు! పాపం సరదాకు కాదు. బస్సు చెడిపోయి ఆకివీడులో ఒక పెళ్ళికి వేళకు చేరలేదని అక్కడివాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. స్కూటరేమో నడుం విరగ్గొట్టింది. బ్యాంకులో అప్పు తీసుకుని, చీటీ పాడి, చిన్న కారుకు డబ్బు కట్టాడు. ఎల్లుండి నుంచి మూఢం, రెండు నెలలు పెళ్ళిళ్ళుండవు, రాబడి ఉండదు. ఆ రెండు నెలల కిస్తీలు, ఇంటి ఖర్చు, అన్నీ లెక్కవేసి నలభై ఐదు వేలు ఒక గుడ్డసంచిలో విడిగా దాచుకున్నాడు. డెలివరీ అయ్యాక పక్కనే ఉన్న బ్యాంకులో వేద్దామని ఆ పొద్దున సంచీ వెంట తెచ్చుకున్నాడు.

మూఢానికి ముందు చివరి మంచిరోజు కావడంతో ఆ వేళ షోరూము కిటకిటలాడుతోంది. ఐదు కార్లు, ఐదు కుటుంబాలు, ముహూర్తం అందరికీ పదీ నలభై రెండే. పదిన్నరకు చక్రధర్ వచ్చాడు, చేతిలో ఐదు కాగితాలు.

"గురువుగారూ, చిన్న ఫార్మాలిటీ అండి. నలభై మూడు వేల ఆరొందలు."

సోమయాజులు గారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అదేవిటి నాయనా? మొన్న అంతా కలిపే అన్నావుగా?"

"అంతా కలిపేనండి. ఇవి కలపనివండి."

"నేను మీవాణ్ణే కదయ్యా!"

"అందుకేనండి గొడుగు ఫ్రీ ఇచ్చాను." చక్రధర్ గొంతు తగ్గించాడు. "టైమైపోతోంది గురువుగారూ. ఎల్లుండి నుంచి మూఢం. ఇది దాటితే మళ్ళీ రెండు నెలలని మీరేగా చెప్పారు?"

ఆయన మాట ఆయనకే తిరిగి తగిలింది. చెయ్యి సంచీ మీదికి వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. ఇస్తే రెండు నెలలు కిస్తీ లేదు, కిస్తీ తప్పితే కారే ఉండదు. ఇవ్వనంటే షోరూము పోతుంది. ఆయన ఇల్లు సగం నడిచేది ఆ ఐదువందల పదహార్ల మీదే.

పక్కన ఆయన భార్య కామేశ్వరి గారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. అమాయకంగా అడిగింది. "ఏవండీ, ఇవాళ ఈ ఒక్కటేనా ముహూర్తం? ఇంకోటి లేదుటండీ?"

ఊళ్ళో అందరికీ ఒక్కటే చెప్పినవాడు కట్టుకున్న మనిషి మొహం చూస్తూ చెప్పలేకపోయాడు. సంచీలోంచి డబ్బుకు బదులు పంచాంగం తీశాడు. పెళ్ళిళ్ళలో మైకు అక్కర్లేని గొంతు ఆయనది.

"అయ్యా, అందరూ ఒక్కసారి నా మాట వినండి. ఇవాళ పదీ నలభై రెండు ఒక్కటే అని మీకు చెప్పాను. కాదు. పన్నెండూ ఐదుకుంది, సాయంత్రం నాలుగూ పదికుంది. మూడూ మంచివే. ఎవరూ కంగారు పడి సంతకం పెట్టకండి."

కిటికీ పక్కన రొయ్యల చెరువుల రామభద్రరాజు గారు కూర్చుని ఉన్నాడు. ఆయన కాగితం మీద అరవై రెండు వేలుంది, చేతిలో పెన్ను కూడా ఉంది. "ఏంటండి పంతులుగారూ! అయితే నలభై రెండు దాటితే కొంపేం మునగదంటారా?"

"మునగదు రాజుగారూ. పన్నెండూ ఐదు ఇంతకన్నా బాగుంది."

"మరి నిరుడు మా తమ్ముడి కారప్పుడు, పరిగెత్తించి చంపేశారు కదండీ?"

"అప్పుడూ రెండున్నాయి. నేను చెప్పలేదు. తప్పు నాదే." ఆయన తల దించుకున్నాడు.

తిడతారనుకున్నాను. రాజుగారు పెన్నుకు మూత పెట్టి, చెప్పులు విప్పి, కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒరేయ్ చక్రధరూ, టీ చెప్పరా. పంచదార తక్కువ. ఈ కాగితంలో ఒక్కో లైనూ నాకు అర్థమయ్యేలా చెప్పు. బోల్డంత టైముంది."

మిగతా ముగ్గురూ కూర్చున్నారు. పదీ నలభై రెండు వచ్చింది, వెళ్ళింది. నా ఎరుకలో ఒక ముహూర్తం ఊరికే దాటిపోవడం అదే మొదలు. షోరూము కప్పు మాత్రం కూలలేదు.

అప్పుడు చూడాలి తమాషా! మూఢంలో ఎవరూ కారు కొనరు. ఈ ఐదూ ఇవాళ కదలకపోతే రెండు నెలలు అద్దాల్లో దుమ్ము కొట్టుకుంటాయి. ఇన్నాళ్ళూ బల్లకు ఇవతల కూర్చున్న కంగారు లేచి అవతలికి వెళ్ళింది. ఓనరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. పదకొండుకు పూత ఎగిరిపోయింది. పదకొండుంబావుకు కిట్ ఎగిరిపోయింది. పదకొండున్నరకు, చచ్చీ చెడీ, హ్యాండ్లింగ్ కూడా కొట్టేశాడు చక్రధర్. "కనీసం సెంటు సీసా అయినా ఉంచుకోండమ్మా" అని కామేశ్వరి గారిని బతిమాలాడు. "వద్దు నాయనా, నాకు తలనొప్పి" అంది ఆవిడ.

పన్నెండూ ఐదుకు ఐదు కార్లకూ సోమయాజులు గారే పూజ చేశాడు. అయ్యాక చక్రధర్ అలవాటుకొద్దీ దక్షిణ కవరు చాపాడు. చక్రధర్ చెడ్డవాడేం కాదు, ఎంత కోపంగా ఉన్నా కవరు మర్చిపోలేదు. ఆయన తీసుకోలేదు.

"ఇన్నాళ్ళూ నువ్విచ్చింది పూజకనుకున్నాను నాయనా," అన్నాడు. "ఒక్కటే చెప్పినందుకని ఇవాళ తెలిసింది."

ఆ తర్వాత ఆయన్ని మా షోరూముకు పిలవలేదు. వేరే కుర్ర పంతులు వచ్చాడు. గుడ్డసంచి మూఢం దాటించిందనీ, కిస్తీ తప్పలేదనీ సర్వీసుకొచ్చినప్పుడు కామేశ్వరి గారు చెబితే విన్నాను. రాజుగారేమో ఈ సంగతి చెరువు గట్ల మీద అందరికీ చెప్పినట్టున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు రెండో కాగితం చూడగానే కుర్ర పంతులు వైపు తిరిగి "ఇంకోటి ఎప్పుడుందండి?" అంటున్నారు.

నేనిప్పుడు స్టోర్ రూములో ఉన్నాను. నా పని లైట్లు వెలిగే ప్లాస్టిక్ తాళంచెవి చేస్తోంది. ఎలుకలు నా కొన తినేశాయి. వందలమంది నన్ను పట్టుకుని నవ్వారు, ఒక్కరి చెయ్యీ గుర్తులేదు. ఆ రోజు ఫొటోలో సోమయాజులు గారు నవ్వలేదు. కళ్ళ నిండా నీళ్ళు. నన్ను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆయన బొటనవేలి కుంకుమ నా బంగారు కాగితం మీద అచ్చుపడిపోయింది. ఎలుకలు ఇంకా అంతవరకు రాలేదు.