పదిహేను అక్షరాల దగ్గర

"పోగులు అతుకకుంటే ఇయ్యాల సాంచా నడువది. సదువు తర్వాత చెప్పొచ్చు తియ్యి," అంది అత్త శంకరవ్వ. రాజమణి మరమగ్గం ముందు కూచుని పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతోంది. సిరిసిల్ల డిగ్రీ కాలేజీలో లెక్చరరే, కాదన్నదెవరు? ఇంట్లో మాత్రం కూలి అడగని రెండు చేతులు.

చాయ్ తాగొచ్చిన భర్త వెంకటేశం గొంతు తగ్గించాడు. "మేడిపల్లి దిక్కు ఎన్‌కౌంటరైందట. ఒక శవం కోసం ఎవ్వరు రాలేదట, జగిత్యాల దవాఖాన్ల ఉన్నది. ఎడమ చేతికి ఆరు వేళ్లున్నయట. నువ్వు పోకు. నీకు తమ్ముడు లేడు. ఠాణాల నువ్వే రాసిచ్చినవ్."

రాసిచ్చింది నిజమే. మూడేళ్ల కిందట తమ్ముడు బాలకిషన్ నక్సలైట్ అన్నలల్ల కలిసినప్పుడు, పోలీసులు సాంచాలు మూయిస్తారని భర్త బతిమాలి, కసిరి రాయించాడు. తల్లి లేని ఆ ఆరు వేళ్ల పిల్లవాణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క, ఆ రోజు నుంచి ఎవరడిగినా ఒక్కతే బిడ్డనని చెప్పుకుంటోంది.

క్లాసులో ఆ రోజు పాఠం తప్పలేదు. "ఫేజ్ అనే ఈ వైరస్ డీఎన్ఏ బ్యాక్టీరియా డీఎన్ఏలో ఎక్కడపడితే అక్కడ చేరదు. రెండింట్లోనూ ఒకేలా ఉండే పదిహేను అక్షరాల దగ్గరే తెగి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. బ్యాక్టీరియాకు ప్రమాదం వచ్చిందంటే ఆ ముక్క మళ్లీ అక్కడే తెగి బయటికి పోతుంది. మిగిలిన కొసలు ఎప్పటిలాగే కలిసిపోతాయి."

"గాడ ఒక ముక్క ఉండెనని తర్వాత ఎట్ల తెలుస్తది మేడం?" ముందు బెంచీ పిల్ల అడిగింది.

తెలియదు అనబోయింది. ఎంత శుభ్రంగా అతికింది తను! ప్రమాదమనగానే బతికున్న మనిషిని తీసేసి కొసలు కలిపింది. భర్త చెప్పాడు, పోలీసులు బెదిరించారు, నిజమే. సంతకం పెట్టింది మాత్రం తనే. ఏడుపు ఆగలేదు. పాఠం సగంలో వదిలేసి జగిత్యాల బస్సెక్కింది.

దవాఖానాలో శవానికి కాపలా ఉన్న పోలీసు జమేదారు బట్ట తొలగించాడు. బాలకిషనే. చెంపకు మన్ను అంటి ఉంది.

"తమ్ముడు లేడని ఇదివరకు రాసిచ్చిన అంటున్నవు గద మేడం," అన్నాడతను మెల్లగా. "ఇప్పుడు ఉన్నడంటే కేసైతది. నౌకరి పోతది. మీ ఇంటాయన ఏమంటడో సోంచాయించు."

రాజమణి నేల మీద చతికిలబడి తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుంది. కొంగుతో ఆ మన్ను తుడిచింది.

"నా తోడవుట్టినోడు సారూ. కాయితం ఇయ్యి, రాస్త."