ఊదలేవా?

మా ఊళ్లో ఏ పిల్లకి జ్వరం వచ్చినా మా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆయన, మాబు సాహెబ్, దువా చదివి నెత్తి మీద మూడుసార్లు ఊదేవాడు. మతం పట్టింపు ఎవరికీ లేదు. అన్నం వేళకి గుమ్మం నిండా జనం. కూర మాడిపోతుంటే నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఆ రోజు వినుకొండ రోడ్డు పక్క చేలో, పత్తి సాళ్ల మధ్య గడ్డిమందు కొడుతున్నాడు. పంపు నాజిల్‌కి నలక అడ్డుపడింది. పొడవడానికి సన్న పుల్ల కోసం గట్టంతా వెతుకుతున్నాడు. ఎండెక్కుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఊరందరికీ ఊదుతావు గదయ్యా, దానికి ఊదలేవా?" అన్నాను. నా నోరు పడిపోను!

నవ్వాడు. నాజిల్ విప్పి నోట్లో పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు. అందులో మిగిలిన మందు నాలుక మీదికి కారింది. ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి, మళ్లీ పంపు తగిలించుకున్నాడు.

మర్నాటికి నాలుక తెల్లగా పొరలు లేచింది. పెదాలు పగిలి నెత్తురు. గుంటూరు ఆసుపత్రిలో అందరిదీ ఒకటే ప్రశ్న, "మందు తాగాడా?" అని.

"తాగలేదండీ, ఊదాడు!" అని మొత్తుకున్నాను.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "నోరు మానుద్దమ్మా. ఈ గడ్డిమందు మెల్లగా ఊపిరితిత్తుల్ని పాడుచేసుద్ది, భయమంతా దాని గురించే. ఆయాసం వస్తే వెంటనే తీసుకురా."

తొమ్మిదో రోజు ఇంటికొచ్చాం. కారం లేని పప్పన్నం కడుపునిండా తిన్నాడు. గట్టెక్కామనుకున్నాను, వెర్రిదాన్ని.

రెండు రోజులకి పక్కింటి జోసఫ్ తన కూతుర్ని ఎత్తుకొచ్చాడు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. మా ఆయన ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆగి ఆగి దువా చదివాడు. వంగి ఊదబోయాడు. పిల్ల జుట్టు కదల్లేదు. మళ్లీ ఊదాడు. కదల్లేదు.

నా వంక చూశాడు.

"నువ్వు ఊదు, సర్దార్‌బీ."

ఊదాను. పిల్ల ముంగురులు ఎగిరాయి. జోసఫ్ వెళ్లగానే మా ఆయన టోపీ తీసి నా ముందు తల వంచాడు. మూడుసార్లు కాదు, నా ఊపిరి అయిపోయేదాకా ఊదాను. ఆ పూటే మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. నాలుగో రోజు పోయాడు.

ఇప్పుడు పిల్లల్ని నా దగ్గరికి తెస్తున్నారు. కాదనలేను. కానీ ఊదబోయిన ప్రతిసారీ, దువా కంటే ముందు నా గొంతే నాకు వినపడుతుంది. "దానికి ఊదలేవా?"