జిగురు తినే పొడి

ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లు వీధికి ఎందరో ఉన్నారు గానీ, పచ్చిపట్టును నేతకు పనికొచ్చేట్టు చేసి ఇచ్చేవాళ్లు కొందరే. మా మామ వెంకటేశులు ఆ కొందరిలో ఒకడు. పట్టుపురుగు తన దారానికి పూసుకున్న జిగురు పోతే తప్ప పట్టుకు మెత్తదనం, మెరుపు రావు. ఒకప్పుడు మామ సబ్బు, సోడా వేసి గంగాళంలో ఉడికించేవాడు. ఇప్పుడు ఎంజైమ్ పొడి వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో కలిపితే చాలు, జిగురునంతా అదే తినేస్తుంది. ఆ పొడి మీద మామకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం. మనిషి జగమొండి, ఒకటి నమ్మాడంటే ఇక మన మాట చెవికెక్కదు.

మా అత్త భద్రమ్మకు మతిమరుపు మొదలై చాలాకాలమైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచింది, తర్వాత మా వీధి మరిచింది. ఈ ఎండాకాలం మొగుణ్ణే మరిచిపోయింది. ఆయన ఎదురుగా కూర్చుంటే పట్టు పనికి వచ్చిన కూలిమనిషి అనుకుని, మా ఆయన యాడికి పోయినాడో చూసినావా అని ఆయన్నే అడిగేది. నేనేనే నీ మొగుణ్ణి అని ఆయన రోజూ చెప్పేవాడు. ఆమె నమ్మేది కాదు. నన్ను మాత్రం కోడలని గుర్తుపట్టేది, నా వంటకు వంకలు పెట్టడం కూడా మరిచిపోలేదు. మామకు అదే మరీ కష్టంగా ఉండేది.

"ఒక్కసారి నన్ను గుర్తుపట్టి తిట్టినా చాలు త్రివేణీ" అన్నాడొకరోజు. ఇంటెడు మందిని అరుపుతో వణికించిన మనిషి నోట ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది.

ఇద్దరినీ వెంటబెట్టుకుని అనంతపురంలో నరాల డాక్టర్ హేమావతి దగ్గరికి పోయాను. మేము పట్టు పని చేసేవాళ్లమని తెలిసి, ఆమె మాకు అర్థమయ్యేట్టే చెప్పింది. మెదడులో రోజూ చిన్నచిన్న మాంసకృత్తుల ముక్కలు తయారవుతాయట. వాటిని కత్తిరించి, కరిగించి పంపేయడానికి మెదడులోనే ఎంజైములు ఉంటాయట. వయసు మీద పడి అవి మందగిస్తే ఆ ముక్కలు ఒకదానికొకటి అంటుకుని, జిగురులా పేరుకుంటాయి. అత్తకున్న జబ్బులో అది కూడా ఒక కారణమంది. మామ ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, పేరుకున్నదాన్ని తీసేసే మందు ఉండాదా అని. పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చే మందు లేదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పి, జబ్బు జోరు తగ్గడానికి మాత్రలు రాసింది. మామ తలూపాడు. దిగులు పడ్డాడనుకున్నాను. నా బొంద, ఆయన మనసు అప్పుడే పొడి డబ్బా దగ్గరికి పోయింది.

మామకొక పద్ధతి ఉంది. కొత్త పొడి ఏదొచ్చినా ముందు ఒక చిన్న పట్టుదారపు చిలపకు వేసి చూస్తాడు. ఆ కాస్త పట్టు బాగుంటేనే మిగతాది నీళ్లలో దించుతాడు. అత్త విషయంలోనూ అదే చేశాడు. ముందు తన మీద వేసి చూసుకున్నాడు.

ఆయన అన్నం ముట్టకపోతుంటే నాకు అనుమానమొచ్చింది. నోరు తెరవమంటే తెరవడు. గట్టిగా కసిరాక తెరిచాడు. పెదవులు, నాలుక అన్నీ పుండ్లే. ఏం తిన్నావని నిలదీస్తే, పొడిని మజ్జిగలో కలుపుకుని తాగుతున్నానని చెప్పాడు.

"నాకేమీ కాకుంటే మీ అత్తకు ఇద్దామనుకుంటి" అన్నాడు.

తిట్టాను. మామగారని కూడా చూడలేదు. తిడుతూనే మళ్లీ అనంతపురం తీసుకుపోయాను.

డాక్టరమ్మ కోప్పడలేదు, నోటికి మందిచ్చి కూర్చోబెట్టి చెప్పింది. పట్టుకు వాడేది వేరు, మెదడులో ఉండేవి వేరు. ఇది మింగితే నోరు, కడుపు పాడవడమే తప్ప మెదడు దాకా పోదు. పోయినా అనర్థమే. మెదడు తనలో తాను కబుర్లు పంపుకోవడానికి కూడా అలాంటి చిన్న ముక్కల్నే వాడుకుంటుంది. దేన్ని కత్తిరించాలో, ఎప్పుడు ఆపాలో శరీరానికి తెలుసు, బయట నుంచి పోసిన పొడికి తెలియదు.

మామ తన చేతులకేసి చూసుకున్నాడు.

"పట్టు కూడా అంతేలేమ్మా. ఎక్కువసేపు నానేస్తే ఆ పొడి జిగురుతో ఆగదు, పోగును కూడా తింటాది" అన్నాడు.

బస్సులో ధర్మవరం దాకా వానల్లేక వాడిపోయిన వేరుశనగ చేలను చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఆశ అక్కడితో తెగిపోయిందని నాకు తెలుసు.

సాయంత్రం సంకటి ముద్ద ముందు పెట్టుకుని, మింగలేక అరుగు మీద అట్లాగే కూర్చున్నాడు. అత్త వచ్చి ఆయన ముఖంలోకి వంగి చూసింది. లోపలికి పోయి వేలికొసన వెన్న తెచ్చి, పెదవుల మీది పుండ్లకు మెల్లగా రాసింది.

"మా ఆయనా ఇంతేనప్పా. సల్లారనీకుండా నోట్లో పెట్టుకుంటాడు" అంది. "ఆయనొస్తే నీకు పని చెప్తాడు. అంతవరకు యాడికీ పోవాకు, ఈడే ఉండు."

నేనేనే నీ మొగుణ్ణి అంటాడని చూశాను. పెళ్లయిన నాటి నుంచి ఆమెను 'ఏమే' అని తప్ప పిలిచి ఎరగని మనిషి, ముఖం పైకెత్తి, పనికొచ్చిన పరాయివాడిలాగే జవాబిచ్చాడు.

"ఉంటాలేమ్మా. ఆయనొచ్చేదాకా ఈడే ఉంటా."