రెండు జానల డప్పు

శుక్రవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆత్మకూరులోని మాసయ్య ఇంటి ముందు కారు ఆగింది. హైదరాబాద్‌లో ధ్యాన కేంద్రం నడిపే సుదర్శన్ దిగాడు. అతని భార్య స్రవంతి దిగలేదు.

ఆ సమయానికి మాసయ్య భార్య ఎస్తేరమ్మ పెరట్లో మేక తోలు గీకుతోంది. తోలు నాలుగు రోజులు సున్నంలో నానింది. వెంట్రుకలు ఊడాయి, కొవ్వు మిగిలింది. దాన్ని కత్తితో లాగాలి. ఆ వాసన ముక్కులో ఆగదు, గొంతులోకి దిగుతుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె చేతులు మూడుసార్లు కడగకుండా అన్నం ముట్టలేదు. మొదటి నెలలోనే మాసయ్య ఆమె వడ్డించిన కంచం పక్కకు జరిపి, "గబ్బు కొడుతున్నయే నీ చేతులు" అన్నాడు. అదే తోలు డప్పు అయ్యాక దానికి చెంప ఆనించి మోత వినేవాడు. అత్త జమ్ములమ్మ బతికున్నన్ని రోజులూ ఒకటే చెప్పింది: "పని నువ్వు చేసినవని ఊర్ల చాటకు. మొగని పేరు మీద నడవాలె." ఎస్తేరమ్మ చాటలేదు. ఊళ్లో అందరికీ మాసయ్య డప్పులే తెలుసు.

"ఏమే, లోపటికి పో. పెద్దమనిషి వస్తుండు," అన్నాడు మాసయ్య. "చాయ్ పెట్టు. చేతులు మంచిగ కడుగు."

ఆమె కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. వసారాలో మాటలు అక్కడికి వినిపిస్తాయి.

"ఒక డప్పు డబ్బు నిన్ననే పంపాను కదా మాసయ్యా. అది మా ఆవిడకు," అన్నాడు సుదర్శన్. "మా కేంద్రంలో ఆడవాళ్లు కూర్చుని వాయిస్తూ ధ్యానం చేస్తారు. ఇది కుదిరితే ఇంకో ఇరవై చేయాలి. కానీ నియమాలున్నాయి. మేక దానంతట అది చనిపోయి ఉండాలి."

"దానంతట అదే సచ్చింది సార్. మందల పండుకున్నది పండుకున్నట్టే."

ఆ ఇంటికి వచ్చే ప్రతి తోలూ మటన్ దుకాణంలోదే. పెరట్లో ఉన్నదాన్ని ఆదివారం ఎస్తేరమ్మే గంపలో నెత్తిన పెట్టుకుని బజారు మీదుగా తెచ్చింది. గంప అడుగు నుంచి రక్తం ఆమె మెడ మీదికి కారింది.

"రెండోది. ఆడవాళ్లు ముట్టుకోకూడదు. వాళ్లకు ఆ రోజులుంటాయి కదా. నాదంలో దోషం చేరుతుంది."

"రామ రామ! మా ఇంట్ల ఆడమనిషి తోలు ముట్టదు సార్. నానబెట్టేది నేనే, గీకేది నేనే, బిగించేది నేనే. ఆమెకేం తెల్వదు. పొయ్యి కాడ ఉంటది."

చాయ్ పొంగింది. ఎస్తేరమ్మ పొయ్యి ఆపింది.

"సైజు ఎంత ఉండాలి?"

"కూసొని కొట్టేదానికి రెండు జానలు సార్. మా తాతల కాడి నుంచి అదే లెక్క. ఏదీ, ఈ డప్పు మీద మీ చెయ్యి పెట్టుండ్రి." తోలు మీద అరచెయ్యి తగిలిన చప్పుడైంది. "చూసిన్రా? అచ్చం మీ కోసమే చేసినట్టున్నది," అన్నాడు మాసయ్య.

సుదర్శన్ జాన తొమ్మిది అంగుళాలు. డప్పు పద్దెనిమిది. ఎస్తేరమ్మకు ఈ లెక్క పెద్దమందడిలో తండ్రి లింగయ్య నేర్పాడు. రెండు జానలే, కానీ కొట్టేవాళ్ల జానతో. కింది అంచు తొడ మీద ఆనాలి, పై అంచు గడ్డం దాటకూడదు. దాటితే పట్టుకున్న చెయ్యి పైకి లేస్తుంది, పావుగంటలో భుజం పట్టేస్తుంది. ఆ తర్వాత వాయించేవాళ్లకు దేవుడు గుర్తుండడు, భుజమే గుర్తుంటుంది. తండ్రి ఆమెకు కొలత నేర్పాడు. ఆమె కొలతతో డప్పు మాత్రం చేసి ఇవ్వలేదు. మాసయ్యకు ఈ లెక్క చెప్పింది ఆమే. అతను సగం గుర్తుపెట్టుకున్నాడు.

"అమ్మగారిని గూడ పిలుస్తరా సార్? ఒకసారి పట్టుకొని చూస్తది."

"వద్దు. ఆమెకు ఇది రెండో రోజు. కారులోనే ఉండమన్నాను."

ఎస్తేరమ్మకు ఓకరింత వచ్చింది. తోళ్ల దగ్గర ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ రాలేదు. పురుగు పట్టిన తోలు దగ్గర రాలేదు, పేడ అంటిన తోలు దగ్గర రాలేదు. ఎండాకాలంలో నిన్నటి తోలు మీద ఈగలు లేస్తే నోరు మూసుకుని పని చేసింది. ఇప్పుడు వసారాలో ఇద్దరు మగవాళ్లు శుద్ధి గురించి మాట్లాడుతుంటే నోట్లో నీళ్లూరాయి. పెరట్లోకి వెళ్లి ఉమ్మింది. నెత్తి మీద మేక రక్తం మోసినప్పుడు ఈ దోషం ఎవరికీ పట్టలేదు. తన రక్తానికే పట్టింది. కారులో కూర్చున్న ఆమె రక్తానికీ పట్టింది. ఆ డప్పు వాయించబోయేది ఆమె. దాని కొలత తీసుకుంది ఆమె మొగుడి చేత్తో.

పెరటి గోడకు డప్పులు వేలాడుతున్నాయి. పద్దెనిమిది అంగుళాల కన్నా చిన్నవి రెండు తీసుకుని సందులోంచి కారు దగ్గరికి వెళ్లింది. అద్దం దిగింది.

"చెయ్యి చాపు బిడ్డా."

"నేను ముట్టుకోవద్దు అక్కా."

"ముట్టా? నాకు గూడ నిన్ననే అయింది. పొద్దుగాల సంది తోలు గీకుతున్న."

స్రవంతి ఆమె చేతులు చూసింది. గోళ్లలో సున్నం ఉంది. "నువ్వా? మీ ఆయన చేస్తడని చెప్పిన్రు."

"ఆయన అమ్ముతడు."

స్రవంతి నవ్వింది. తర్వాత తలుపు తీసి, సీటు మీద పక్కకు తిరిగి, వేళ్లు చాపింది. రెంటిలో చిన్నదాని మీద రెండు జానలు అంచు నుంచి అంచుకు సరిపోయాయి. పద్నాలుగు అంగుళాలు. తొడ మీద ఆనించింది. పై అంచు గడ్డం కింద ఆగింది. వేళ్లతో నాలుగు దెబ్బలు వేసింది.

మోత విని మగవాళ్లిద్దరూ బయటికి వచ్చారు. సుదర్శన్ చేతిలో పద్దెనిమిది అంగుళాల డప్పు ఉంది.

"ఏయ్, నిన్నెవరు రమ్మన్నరే?" అన్నాడు మాసయ్య.

"ఈవిడ ఎవరు?"

"మా ఇంటిది సార్. దానికి తెల్వదు."

"నానబెట్టేది, గీకేది, బిగించేది నేనే సార్," అంది ఎస్తేరమ్మ. "మీ చేతుల ఉన్నదాన్ని పోయిన నెల బిగించిన దినం నాకు మూడో రోజు."

సుదర్శన్ డప్పును నేల మీద పెట్టాడు. రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. "మరి మేక?"

"మటన్ దుకాణంది."

"అది తిక్కది సార్, దాని మాట పట్టుకోకుండ్రి," అన్నాడు మాసయ్య.

సుదర్శన్ భార్య వైపు తిరిగాడు. "అది ఇచ్చెయ్."

"ఇది నా కొలత," అంది స్రవంతి. కాళ్లు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూస్తున్నారు. సుదర్శన్ కారు ఎక్కాడు. పదకొండు గంటల ఐదు నిమిషాలకు కారు వనపర్తి వైపు వెళ్లింది.

"కడుపు మీద కొట్టినవు గదనే! ఇరవై డప్పులు!"

"చెయ్యి. ఎవరు వద్దన్నరు?" అంది ఎస్తేరమ్మ. "నేనైతే తోలు ముట్టను గదా."

సాయంత్రం ఐదున్నరకు సుదర్శన్ మాసయ్యకు ఫోన్ చేశాడు. ఇరవై డప్పులు వద్దన్నాడు. తీసుకెళ్లినదాన్ని మరుసటి రోజు డ్రైవర్‌తో వాపసు పంపుతానన్నాడు.

తర్వాతి శుక్రవారం దాటినా డ్రైవర్ రాలేదు, డప్పూ రాలేదు.